బావి మలుపులో పెసర కట్టె

మా అన్నకు బండి మీద మలుపులు తిప్పడం రాదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మాట అన్నవాళ్లలో సగం మంది పోయారు, మిగిలినవాళ్లకు అన్నామన్న సంగతే గుర్తులేదు. నాకు మాత్రం మరపు రాలేదు. చిన్నప్పటి నుంచీ నాకు కోపం ఎక్కువే. "దీన్ని చేసుకునేటోడు ఎవడో గాని, పాపం అనిపిస్తదమ్మా" అని నేను వింటుండగానే అన్న అమ్మతో అనేవాడు.

మాది నారాయణఖేడ్ నుంచి కంగ్టి పోయే దారిలో ఒక ఊరు. నాన్న మేం చిన్నగా ఉన్నప్పుడే పోయాడు. మిగిలింది అమ్మ, అన్న, నేను, రోడ్డును ఆనుకొని కొంచెం చేను. వాన పడితే పంట, పడకపోతే లేదు. ఎక్కువగా పెసర, మినుము, కంది వేసేవాళ్లం. అన్న ఖేడ్‌లో ఒక పప్పుల సావుకారి దగ్గర పనికి కుదిరాడు. సావుకారి వాళ్ల పెద్దలు కన్నడ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఇంట్లో కన్నడం, దుకాణంలో తెలుగు, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. ఊరూరూ తిరిగి ఎక్కడ ఏ పంట ఎట్లా ఉందో చూసి రావడం అన్న పని. అందుకోసం పాతది ఒక వంద సీసీ బండి సంపాదించాడు. అప్పటికి ఎనభైలు సగం గడిచాయి. నేను ఖేడ్‌లోనే ఒక చిన్న బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. రోజూ పొద్దున అన్న వెనక కూర్చొని పోయేదాన్ని.

అన్న బండి ఎట్లా నడిపేవాడో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చూసేవాళ్లకు బండి కనిపిస్తుంది, వెనక కూర్చున్నవాళ్లకు మనిషి తెలుస్తాడు. చీరకట్టుకొని ఒకపక్కకు కాళ్లు వేసి కూర్చునే ఆడదానికి ఎడమ మలుపు వేరు, కుడి మలుపు వేరు. ఎడమకు ఒరిగితే పాదాలు రోడ్డు మీదికి వస్తాయి, చెప్పు ఎక్కడ గీరుకుంటుందోనని భయం. కుడికి ఒరిగితే వెనక్కి పడిపోతానేమో అనిపిస్తుంది. అన్న ఒక్కడే వస్తే ఎట్లా ఒరిగేవాడో నాకు తెలుసు, దూరం నుంచి చాలాసార్లు చూశాను. నన్ను ఎక్కించుకుంటే మాత్రం మలుపుకు చాలా ముందే వేగం తగ్గించి, పెద్దగా చుట్టు తీసుకొని, మలుపు ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో తెలియకుండా దాటించేవాడు. ఒళ్లో పెట్టుకున్న సద్దిగిన్నెలో చారు తొణికేది కాదు.

"నువ్వు బిర్రుగ బిగుసుకొని కూసోకు చెల్లె. బండి ఎటు ఒరిగితే నువ్వు గూడ అటు ఒరుగు. నువ్వు భయపడి ఇంకోదిక్కు ఒరిగితే నాతోని కొట్లాడినట్టే" అనేవాడు. కొట్లాట అంటే నాకు ఇష్టమే గానీ బండి మీద మాత్రం అన్న మాట విన్నాను.

మా ఊరికీ ఖేడ్‌కూ మధ్య మలుపులు వరుసగా ఉంటాయి. వాటిలో గట్టిది బావి మలుపు. అక్కడ ఎప్పటిదో ఒక దిగుడుబావి ఉంది. రోడ్డు వేసినవాళ్లు దాన్ని పూడ్చలేక చుట్టూ తిప్పారు. ఖేడ్ నుంచి వస్తుంటే ఎడమకు తిరుగుతుంది. లోపలివైపు బావి గోడ, తుమ్మ కంపలు. మలుపు అవతల ఏముందో సగం తిరిగేదాకా కనిపించదు. అది దాటగానే మా చేను.

ఒక ఆదివారం సావుకారి బోరంచ నల్లపోచమ్మకు మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరాడు. ఆయన కొత్తగా పెద్ద బండి కొన్నాడు. మూడొందల యాభై సీసీ, రెండు సైలెన్సర్లు, నిలబెడితే దుకాణం ముందు జాగా అంతా దానిదే. కొన్నాడు గానీ నడపాలంటే ఆయనకు భయం. బీదర్‌లో చదువుకునే కొడుకు సెలవులకు వచ్చి నడిపేవాడు. ఆ రోజు కొడుకు ముందు, సావుకారి వెనక. మేం అన్నాచెల్లెళ్లం మా చిన్న బండి మీద. తిన్నని రోడ్డు మీద ఆ బండి ఒక్క గుంజు గుంజితే మాకు దుమ్మే మిగిలేది. మలుపులు వచ్చేసరికి వాళ్లు మా ముందే కనిపించేవాళ్లు. కొడుకు మలుపులోకి పోయాక బ్రేకు నొక్కేవాడు. బండి నిటారుగా లేచి రోడ్డు బయటికి పోబోయేది, దాన్ని మళ్లీ తెచ్చుకునేసరికి వాడికి చెమటలు. అన్న తొందర పడలేదు. ముందే వేగం తగ్గించి, ఒరిగించి, అదే తీరున బయటికి వచ్చేవాడు. అట్లా నాలుగైదు మలుపులు జరిగాక సావుకారి వెనక్కి తిరిగి మమ్మల్నే చూడటం మొదలుపెట్టాడు.

గుడి దగ్గర దిగాక అన్నను పిలిచి, "ఏయ్, వచ్చేటప్పుడు నా బండి నువ్వు తోలు. నేను నీ ఎనక కూసుంట. నాకు ఇంకా బతకాలని ఉంది" అన్నాడు. కొడుకు మూతి ముడుచుకున్నాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

కొడుకు బీదర్ పోయాక ఆ పెద్ద బండి అన్నకే వచ్చింది. పనికి దాని మీదనే తిరగమన్నాడు సావుకారి. ఊళ్లో అందరూ అన్నను వేరే కళ్లతో చూడటం మొదలైంది. చిన్న బండి మీద ఎంత బాగా నడిపినా ఎవరికీ పట్టలేదు, పెద్ద బండి ఎక్కగానే మొనగాడయ్యాడు. అది నాకు అప్పుడు కూడా నచ్చలేదు. అన్న మాత్రం మొదటి నెల ఆ బండిని ఎద్దుల బండి తోలినట్టు తోలాడు. "ఏందన్నా, సావుకారికంటె నెమ్మదిగ పోతున్నవ్" అని ఎగతాళి చేశాను.

"చిన్న బండి మాఫ్ జేస్తది చెల్లె" అన్నాడు. "మలుపుల పోయినంక తప్పయింది అనుకో, నడుముతోని దిద్దుకోవచ్చు. కాలు కింద పెట్టి గూడ నిలబెట్టొచ్చు. గిది అట్ల గాదు. ఒక్కసారి ఒరిగిందంటె ఎటు పంపిన్నో అటే పోతది. లోపటికి పోకముందే అన్ని అనుకోవాలె. దీని మీద తిన్నగ ఉరికించుడు ఎవనికైన వస్తది. అది నడుపుడు గాదు."

ఆ మాటలు నాకు అప్పుడు సగమే అర్థమయ్యాయి. మిగతా సగం నేను బండి నేర్చుకున్నప్పుడు అర్థమైంది. చిన్న బండి నాకు ఇచ్చేశాడు. ఆ రోజుల్లో మా దిక్కు ఆడపిల్ల బండి నడపడం అంటే ఊరంతా బయటికి వచ్చి చూసేది. అన్న వెనక కూర్చొని, చేతులు కట్టుకొని నేర్పించాడు. "గుంత దిక్కు చూడకు. చూస్తే అండ్లనే పడ్తవ్. నీకు యాడికి పోవాలెనో ఆడికి చూడు, బండి అదే వస్తది" అనేవాడు. పెద్ద బండి మీద తనకు చెయ్యి కుదిరాక ఒకసారి నన్ను ఎక్కించుకొని బావి మలుపు దాటించాడు. అంత బరువున్న బండి ఎక్కడా జర్కు లేకుండా గీత గీసినట్టు తిరిగింది. చారు తొణకలేదని చెప్పాను. ఆ రోజు సాయంత్రం వరకు వాడి ముఖం వెలిగిపోతూనే ఉంది. వాడికి చదువు అబ్బలేదు, ఆస్తి లేదు. నాకు ఇది వచ్చు అని వాడు మనసులో అనుకునేది అదొక్కటే.

ఇక పెసర సంగతి చెప్పాలి. మా దిక్కు పంట కోసి ఎండబెట్టాక కట్టెను, అంటే కాయలతో ఉన్న ఎండు మొక్కలను, రోడ్డు మీద పరుస్తారు. బస్సులు, లారీలు, బండ్లు దాని మీద నుంచి పోతుంటే కాయ పగిలి గింజ రాలుతుంది. అటూ ఇటూ రాళ్లు పెట్టి, మధ్యమధ్యలో తిరగేస్తూ, సాయంత్రానికి ఊడ్చి తూర్పారబడతారు. కళ్లం ఎక్కడుందీ, ఎడ్లు ఎవరికున్నాయీ? డ్రైవర్లు తిట్టుకుంటూనే ఎక్కించి పోయేవాళ్లు. మా అమ్మ కూడా ఏటా అట్లాగే చేసేది. ఎక్కడ పరవాలో మాత్రం అన్న చెప్పేవాడు. రోడ్డు కింద నీళ్లు పోయే మోరి దాటాక తిన్నగా ఉన్న రోడ్డు మీద, దూరం నుంచే కనబడే చోట. "మలుపు కాడ పొయ్యకే అమ్మా, బండ్లోళ్లు సస్తరు" అని చెప్పి, తానే చిన్న బండితో నిటారుగా, మెల్లగా, అటొకసారి ఇటొకసారి దాని మీద తిరిగేవాడు. "నీ పెసర కొట్టిన, కూలి తియ్యి" అని అమ్మ ముందు చెయ్యి చాపేవాడు. అమ్మ ఆ చేతిలో నాలుగు పచ్చి కాయలు పెట్టేది.

ఆ యేడు పెసర బాగా వచ్చింది. కోసి కుప్ప వేశాక ముసురు పట్టింది. రెండు మూడు రోజులు అమ్మ ఆకాశం దిక్కే చూస్తూ కూర్చుంది. ఒక పొద్దున ఎండ వచ్చింది. అన్న పెద్ద బండి మీద పెందలాడే పనికి పోయాడు, చిన్న బండి మీద ఒక్కదాన్నే అంత దూరం పోయే ధైర్యం ఇంకా చాలక నేను బస్సులో బడికి పోయాను. ఇద్దరం పోయేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉంది. మేం పోయాక ఊరంతా ఒక్కసారే కట్టె తెచ్చింది. అమ్మ మోపులు మోసుకొని వచ్చేసరికి మోరి అవతల తిన్నని రోడ్డు మొత్తం నిండిపోయింది. పడమట మళ్లీ మబ్బు లేస్తోంది. అమ్మ ఇంకేం చేస్తుంది? బావి మలుపు తిరిగే చోటనే పరిచి, మిగిలిన మోపుల కోసం చేను అవతలి గట్టుకు పోయింది.

మధ్యాహ్నం దాటాక నేను బస్సులో వస్తున్నాను. ఎదురుగా ఒక ట్రాక్టరు ఖేడ్ దిక్కు పోతూ మా బస్సును దాటింది. దాని ట్రాలీలో నలుగురైదుగురు మనుషులు కూర్చొని ఉన్నారు. ఎవరో చావుకో పెళ్లికో పోతున్నారనుకున్నాను. అందులో మా అన్న పడుకొని ఉన్నాడు, అమ్మ వాడి తల ఒళ్లో పెట్టుకొని ఉంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, నాకు తెలియలేదు.

బావి మలుపు దగ్గర బస్సు ఆగింది. జనం. రోడ్డుకు బయటివైపు, కింద తుమ్మ కంపల్లో ఆ పెద్ద బండి పడి ఉంటే అందరూ దాన్నే చూస్తున్నారు. నేను బండిని చూశాక రోడ్డును చూశాను. పరిచిన పెసర కట్టె మధ్యలో నుంచి ఒక గీత బయటికి జారిపోయి ఉంది. లోపలి అంచున సరిగ్గా మొదలైంది ఆ గీత, అన్న ఎప్పుడూ మలుపు తీసుకునే చోటనే. అక్కడి నుంచి కట్టె చీలి, కింద రాలిన పెసలు నున్నగా పక్కకు తోసుకుపోయి ఉన్నాయి. గోడ చాటు నుంచి వచ్చేసరికి బండి ఒరిగే ఉండి ఉంటుంది. చిన్న బండైతే కాలు పెట్టి నిలబెట్టుకునేవాడేమో. చిన్న బండైనా పడేవాడేమో. ఒరిగిన చక్రం కింద పెసలు ఉంటే ఎంత చెయ్యి తిరిగినవాడైనా చేసేదేముంటుంది? ఈ లెక్క నేను ఇన్నేళ్లుగా వేస్తూనే ఉన్నాను, ఒక్కసారీ తేలలేదు.

ఖేడ్ దవాఖానలో చూసి పట్నం తీసుకుపొమ్మన్నారు. లోపల దెబ్బలు తగిలాయి. పట్నం దవాఖానలో అన్న కొన్ని రోజులు ఉన్నాడు. తెలివిలోనే ఉన్నాడు, మాట్లాడేవాడు. రెండో రోజో మూడో రోజో అమ్మ మంచం పక్కన కింద కూర్చొని, వాడి ముఖంలోకి చూడకుండా అడిగింది.

"మన పెసర మీద జారిందా బిడ్డా?"

"పెసర కాడికి రానేలేదమ్మా" అన్నాడు అన్న. "దానికంటె ముందుగాల్నే బండి చెయ్యి దాటింది. జోరుగ వచ్చిన. మలుపు అందలే. పెద్ద బండి గదా, నాకు ఆగలే."

అమ్మ తల ఊపింది. నేను నోరు తెరవబోయాను. అన్న నా దిక్కు చూశాడు. అమ్మ నీళ్ల కోసం లేచి పోయాక, "నువ్వేం చూడలే" అన్నాడు. అంతే అన్నాడు. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ అదే చెప్పాడు. మలుపు అందలేదు, నాకు చాతకాలేదు. సావుకారి వచ్చినప్పుడూ అదే చెప్పాడు. తనకు వచ్చిన ఒకే ఒక్కటి, అది తనకు రాదని వాడు తన నోటితోనే పది మందికి చెప్పుకున్నాడు. ఒక పొద్దున పోయాడు.

సావుకారి మా ఇంటికి వచ్చి గడపలో కూలబడి ఏడ్చాడు. "నా బండి ఇయ్యకపోతే బతికేటోడు. నేనే సంపిన" అన్నాడు, ఆ తర్వాత కన్నడంలో ఏమేమో అన్నాడు. ఆ బండిని బాగుచేయించి కూడా ఇంట్లో ఉంచుకోలేదు, అమ్మేశాడు. ఖేడ్‌లో కనబడినప్పుడల్లా నన్ను చూసి తల దించుకునేవాడు. ఆయన తప్పేం లేదని చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే అది తిరిగి తిరిగి మా అమ్మ దగ్గరికి పోతుంది. నువ్వేం చూడలే అని అన్న చెప్పింది ఒట్టు కాదు, ఒట్టుకంటే ఎక్కువ. నేను కూడా తల దించుకొని పోయేదాన్ని.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? "చిన్న బండి మీద ఆటలాడిండు, పెద్దది వశం కాలే" అన్నారు. "సర్కస్ చేసెటోడు, అట్లనే అయితది" అన్నారు. మెకానిక్ దుకాణం ముందు కుర్రాళ్లు కొత్తగా బండి నేర్చుకునేవాళ్లకు మా అన్న పేరే చెప్పి బెదిరించేవాళ్లు. తిన్నగా తప్ప నడపడం రాని వాళ్లు. నాకు రక్తం మరిగేది. ఇంటికి వచ్చి గిన్నెలు విసిరేసేదాన్ని. అమ్మ ఎందుకని అడిగేది కాదు.

మరుసటి యేడు పెసర కోశాక అమ్మ రోడ్డు మీదికి తీసుకుపోలేదు. వాకిట్లో పోసుకొని కర్రతో కొట్టింది. "రోడ్డు మీద మన్ను కలుస్తది" అంది. నేను నిజమే అనుకున్నాను. ఆ తర్వాత కూడా ఏటా అట్లాగే కొట్టింది, భుజాలు పట్టేసినా సరే.

నాకు పెళ్లయి ఖేడ్‌లోనే కాపురం పెట్టాను. తొంభైలు వచ్చాయి. అన్న ఇచ్చిన ఆ చిన్న బండి నా దగ్గరే ఉంది, దాని మీదనే ఊరికి పోయి అమ్మను చూసి వచ్చేదాన్ని. ఒక పంట కాలంలో అమ్మకు ఒంట్లో బాగుండక ఖేడ్‌లో చూపించి తిరిగి తీసుకువస్తున్నాను. అమ్మ వెనక ఒకపక్కకు కాళ్లు వేసి కూర్చుంది. నేను బావి మలుపుకు ఎప్పుడూ మనిషి నడక వేగంలోనే పోతాను. గోడ దాటగానే ఎవరిదో మినుము కట్టె పరిచి ఉంది.

అమ్మ నా భుజం తట్టింది. "ఆపు" అంది.

దిగి, కొంగు నడుముకు దోపుకొని, వంగి ఆ కట్టెను రెండు చేతులతో రోడ్డు పక్కకు లాగడం మొదలుపెట్టింది. మలుపు అంతా ఖాళీ చేసేలా ఉంది. చేను గట్టు మీద నుంచి ఆ కట్టె తాలూకు మనిషి వచ్చాడు. మా ఊరివాడే.

"ఏం జేస్తున్నవ్ అవ్వా? ఎండుతుంటె గుంజుతున్నవేంది?"

"మలుపు కాడ పొయ్యకు. తిన్నగున్న కాడ పోసుకో."

"ఆడ జాగా లేదు. ఏం గాదు తియ్యి, నడుపుడు వచ్చినోడు ఎట్లయిన పోతడు" అని, అమ్మ ముఖం చూసి ఏదో సర్దిచెప్పాలనుకున్నాడు కాబోలు, "నీ కొడుకు దీని మీద పడలే గదా. ఆయనకు పెద్ద బండి ఆగలే, పడ్డడు" అన్నాడు.

బండి స్టాండు వేసి నేను రెండడుగులు వేశాను. ఇన్నేళ్లు ఆపుకున్నదంతా నాలుక చివరకు వచ్చింది. అమ్మ నాకంటే ముందే నిటారుగా నిలబడింది.

"నా కొడుక్కు మలుపు రాకపోవుడేంది రా" అంది. "నా పెసర మీద పడ్డడు. నేనే పోసిన, గీడనే. నువ్వు నిలబడ్డ కాడ."

అతను తానే వంగి కట్టె లాగసాగాడు. నేను కూడా వంగాను. ముగ్గురం కలిసి మలుపు మొత్తం ఖాళీ చేశాం. గింజలు మిగిలితే అమ్మ కొంగుతో ఊడ్చింది.

బండి దగ్గరికి వచ్చాక అడిగాను. "నీకు ముందు నుంచే తెలుసా అమ్మా?"

"వాడు అబద్దమాడుతుంటె నాకు తెల్వదా? నమ్మినట్టు తల ఊపిన. నేను నమ్మిన్నని వాడు నిమ్మలంగ పోవాలె గద."

"మరి నాతోని చెప్పకపోతివి."

"నువ్వు నాకోసమే దాస్తుంటివి. నువ్వు దాసింది నేనెట్ల బయటపెడ్త బిడ్డా."

సావుకారి అంతకు ముందే పోయాడు. ఆ మాట ఆయన చెవిన పడలేదు, తానే చంపానన్న నమ్మకంతోనే పోయాడు. అది నాకు ఇంకా బాధే. ఊళ్లోవాళ్లకు మాత్రం మినుము కట్టె మనిషి చెప్పి ఉంటాడు. ఆ తర్వాత మా అన్న పేరు పెట్టి బెదిరించడం నేను వినలేదు.

అమ్మ బండి ఎక్కి కూర్చుంది. "పోనియ్" అంది. మిగిలిన సగం మలుపు తిప్పాను. అమ్మ బిగుసుకోలేదు, నన్ను పట్టుకోలేదు. బండి ఎటు ఒరిగితే అటు ఒరిగింది, ఎప్పుడో అన్న వెనక కూర్చొని నేర్చుకున్నట్టు. నేను ఇంటిదాకా ఏడుస్తూనే నడిపాను.